శనగగింజంత గడ్డ

గోచి కట్టుకునేటప్పుడు ఏ పైల్వానూ పక్కవాడి వైపు చూడడు. కుస్తీ నేర్పే మా కొల్హాపూర్ తాలీములన్నిట్లోనూ ఇదే మర్యాద. గోడవైపు తిరిగి, బట్ట లాగి, ముడి బిగించి, తొడ మీద ఒక్కటి చరుచుకుని అప్పుడు ఇటు తిరుగుతారు. లోపల ఎవడికి ఏముందో ఆ గోడకే తెలియాలి. గోడ నోరు విప్పదు, పైల్వాన్లు అంతకంటే విప్పరు.

ఆ పొద్దున హిందూరావ్ వస్తాదు చూడాలని చూడలేదు. గోదాలో ఎర్రమట్టికి మజ్జిగ, నూనె, పసుపు పోసి కలుపుతూ ఊరికే తలెత్తాడు. ఎదురుగా శిష్యుడు ఉత్తమ్ గోడవైపు తిరిగి గోచి కట్టుకుంటున్నాడు. అందరూ కుడిచేత్తో బట్టను ఒక్క లాగు లాగుతారు. వీడు ఎడమచెయ్యి అడ్డం పెట్టి, దేన్నో పక్కకి తప్పించి, ఊపిరి బిగబట్టి మెల్లగా లాగుతున్నాడు. వస్తాదు చేతిలో చెంబు వంగిపోయి మజ్జిగంతా ఒక్కచోటే కారింది. ఆ ఎడమచెయ్యి అడ్డం పెట్టడం ఏమిటో ఆయనకి బాగా తెలుసు. ఇరవై నాలుగో ఏట మొదలుపెట్టి ఈ అరవై ఆరో ఏటి దాకా ఆయన రోజూ కట్టుకునేది అలాగే.

హిందూరావ్ మగ్దూమ్ అంటే మా ఊళ్లో సామాన్యుడు కాదు. అంటే, కడుపుకి తినేది జొన్నరొట్టె, కట్టుకునేది నేతపంచె, పడుకునేది తాలీము అరుగు మీద. ఆ లెక్కన సామాన్యుడే. కానీ మారుతి ముందు గోచి కట్టి పుట్టుబ్రహ్మచారిగా ఉండిపోయిన మనిషని పేరు. కొడుకు పుడితే తల్లులు పొత్తిళ్లలో పెట్టుకొచ్చి ఆయన ఒళ్లో పడుకోబెట్టి, గోదా మట్టి బిడ్డ నుదుట రాయించుకుపోతారు. ఎంతమందిని ఎత్తుకున్నాడో ఆయనకే గుర్తులేదు. అందరూ ఊరివాళ్ల పిల్లలే. బిడ్డ ఒళ్లు తడిపినా నవ్వేవాడు. తిరిగి ఇచ్చేసేటప్పుడు మాత్రం ముఖం అటు తిప్పుకునేవాడు. అది వైరాగ్యమని జనం అనుకునేవాళ్లు. జనం అనుకోవడానికేముంది, నోటికి పన్నా?

శనివారం శనివారం మారుతికి జిల్లేడాకుల దండ వేసి, నూనె పోసి, పైల్వాన్లందర్నీ కూర్చోబెట్టి ఆయన ఒకే పాఠం చెప్పేవాడు.

"వీర్యం పైల్వాన్‌కి నెయ్యిరా. కాపాడుకుంటే కండ అవుతుంది. మనసు అటూ ఇటూ పోయిందా, విరిగిపోతుంది. విరిగి గడ్డ కడుతుంది. గడ్డ కట్టినవాడు పెళ్లానికీ పనికిరాడు, మట్టికీ పనికిరాడు. గుర్తుంచుకోండి."

ఈ పాఠం ఏ గురువూ ఆయనకి చెప్పలేదు. తన ఒంట్లోంచి తనే తీసుకున్నాడు.

ఇరవై నాలుగేళ్లప్పుడు హిందూరావ్ జాతర కుస్తీల్లో ఎదురులేని మనిషి. వీధి చివర గేదెలు కట్టే బాళాసాహెబ్ కూతురు హౌసాతో సంబంధం కుదిరింది. పెద్దలు కూర్చుని వక్క పగలగొట్టారు. అది పగిలిందంటే మా వైపు మాట అయిపోయినట్టే. సాయంత్రం పూట పాలకట్ట దగ్గర గేదెల్ని రోడ్డుపక్కన కట్టి, అడిగినవాళ్లకి అప్పటికప్పుడు పిండి, నురుగుతో గ్లాసు చేతికిస్తారు. హిందూరావ్ అక్కడ రెండు గ్లాసులు తాగేవాడు కాస్తా నాలుగు తాగడం మొదలుపెట్టాడు. హౌసా పిండేది. గ్లాసు ఇచ్చేటప్పుడు కళ్లెత్తేది కాదు, కానీ గ్లాసు మీద నురుగు అందరికంటే ఎత్తుగా ఉండేది. "ఏం పైల్వాన్, గేదెని కొనేస్తావా ఏంటి?" అని పక్కవాళ్లు ఏడిపించేవాళ్లు.

ఒకరోజు స్నానం చేస్తుంటే చేతికి తగిలింది. కుడివైపు బీజానికి వెనగ్గా, పైన, శనగగింజంత గడ్డ. నొప్పి లేదు, సలుపు లేదు. నొక్కితే జారిపోతుంది, వదిలితే మళ్లీ వచ్చి కూర్చుంటుంది.

ఎవరినడుగుతాడు? తండ్రి లేడు. తల్లికి చెప్పేది కాదు. గురువు ముందు ఆ మాట తెస్తే "ఎక్కడికెళ్లావురా?" అంటాడు. ఎక్కడికీ వెళ్లలేదు. వెళ్లిందల్లా మనసు, అదీ పాలకట్ట దాకా. అయితే అదే కారణం అనుకున్నాడు. తేలు కుట్టిన దొంగలా నోరు మూసుకుని, రోజుకి పదిసార్లు తడిమి చూసుకున్నాడు. కరగలేదు. కొంచెం పెరిగినట్టే అనిపించింది. తనలో పాడైంది ఆ పిల్లలోకి పోతుంది, పుట్టే బిడ్డలు వంకరగా పుడతారు, లేదా అసలు పుట్టరు, తొలిరాత్రే తన బతుకు బజారున పడుతుంది. ఇలా ఒకదాని వెనక ఒకటి తలలో దూరాయి. పెళ్లి దగ్గరకొస్తోంది. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

పెళ్లికి వారం ఉందనగా శనివారం పొద్దున తాలీములో అందరి ఎదుటా మారుతి విగ్రహం ముందు నిలబడి, కొత్త ఎర్రగోచి చేతబట్టుకుని అనేశాడు. "ఈ జన్మకి ఇదే నా పెళ్లి. ఆడది నాకు తల్లి."

ఊరు ఊరంతా కదిలింది. భుజాల మీద ఎక్కించుకుని తిప్పారు. తలపాగాలు చుట్టారు. వక్క పగలగొట్టిన మాట తప్పినవాణ్ని మామూలుగా అయితే చెప్పుతో కొడతారు. కానీ దేవుడికిచ్చిన మాట ముందు పెళ్లిమాట ఏపాటిది? హౌసా తండ్రే వచ్చి ఆయన కాళ్లకి దండం పెట్టాడు. వంగిన ఆ ముసలి తల చూసి హిందూరావ్‌కి గోదాలోనే చచ్చిపోతే బాగుండునని అనిపించింది. హౌసాని ఆ ఏడే ధోండిబా అనే ఇంకో గేదెల కాపరికి ఇచ్చారు.

అప్పట్నుంచీ ఆయన బతికిన బతుకు ఇది. సాయంత్రం పాలకట్టకి వెళ్తే హౌసాబాయి ఆయన కోసం విడిగా ఉంచిన ఇత్తడి గ్లాసులో పాలు పిండి ఇస్తుంది. దైవమనిషికి అందరి గ్లాసు ఎలా ఇస్తారు? "తీసుకోండి పైల్వాన్" అంటుంది. "ఊఁ" అంటాడు. నలభై ఏళ్ల పైచిలుకు సంభాషణ అంతే.

వస్తాదు మజ్జిగ ఒలకబోసుకున్న రెండో రోజునే ఉత్తమ్ వచ్చాడు. మధ్యాహ్నం, తాలీము ఖాళీగా ఉన్న వేళ. కాగల్ వైపు చెరకు రైతు కొడుకు, ఇరవై అయిదేళ్లు, తలుపు నిండే మనిషి. పదిహేనేళ్ల పిల్లాడిగా వచ్చి ఈ మట్టిలోనే పెరిగాడు. వస్తాదు తన తర్వాత తాలీము తాళంచెవి వీడికే అని మనసులో ఎప్పుడో అనుకున్నాడు. వచ్చే నెల వీడి పెళ్లి. పిల్ల పేరు వనితా. వక్క పగిలింది, పత్రికలు అచ్చుకి వెళ్లాయి.

"వస్తాదూ, ఈ శనివారం నేనూ మారుతి ముందు గోచి కడతాను" అన్నాడు ఉత్తమ్. "మీలాగే."

వస్తాదు నవ్వబోయాడు. నవ్వు రాలేదు.

"పెళ్లి?"

"వద్దు."

"పిల్ల నచ్చలేదా?"

"నచ్చకపోవడమేంటి వస్తాదూ!" అన్నాడు ఉత్తమ్. "ఫోటో తలకింద పెట్టుకుని పడుకుంటున్నాను. అందుకే వచ్చింది నాకు."

"ఏంటి వచ్చింది?"

"మీరు శనివారం శనివారం చెబుతారే, అదే. విరిగి గడ్డ కట్టింది. అచ్చం మీరు చెప్పినట్టే వస్తాదూ. మీరు చెప్పిన మాట ఒక్కటీ తప్పు పోదు."

అంత మనిషీ అరుగు అంచున కూలబడి, మోకాళ్లలో తల పెట్టుకుని గొల్లుమన్నాడు. "నేను ఏ తప్పూ చెయ్యలేదు. వట్టి తలుచుకోవడమే. తలుచుకుంటే కూడా గడ్డకడుతుందని తెలిస్తే తలుచుకునేవాణ్నే కాదు. ఆ పిల్ల బతుకు పాడుచెయ్యలేను. మీరు గోచి కట్టిస్తే కట్టించండి. లేదంటే పంచగంగ నదిలో పడతాను. ఇంట్లో ఏమని చెప్పను?"

వస్తాదు పక్కన కూర్చున్నాడు. చెయ్యి వీడి వీపు మీద వేద్దామని ఎత్తి, మళ్లీ దించేశాడు. తన చెయ్యి తగిలే వీడికిది వచ్చిందేమోనని మొదటిసారి భయం పుట్టింది. తను పొర్లిన మట్టిలోనే వీడూ పొర్లాడు. తను కలిపిన మజ్జిగే. తన ఒంటి చెమటే. లేదా తన మాట. శనివారం తర్వాత శనివారం వీడి చెవిలో పోసిన ఆ మాటే గడ్డయి కూర్చుందేమో.

సరే అంటే చాలు. శనివారం వీడు గోచి కడతాడు. ఊరు భుజాల మీద మోస్తుంది. వస్తాదుకి తగ్గ శిష్యుడు అంటారు. తర్వాత? తర్వాత ఏముంటుందో ఈ భూమ్మీద హిందూరావ్‌కి తెలిసినంత ఎవరికీ తెలియదు. అరుగు మీద ఒంటిగా పడకలు. జ్వరమొస్తే నెత్తిన తడిబట్ట వేసే దిక్కులేకపోవడం. పాలగ్లాసు అందుకుని "ఊఁ" అనడం. పరాయి బిడ్డల్ని ఎత్తుకుని తిరిగి ఇచ్చెయ్యడం. ఇది దేవుడి కోసం చేసినవాడికి ఎలా ఉంటుందో గానీ భయంతో చేసినవాడికి మాత్రం రోజూ చావే.

"లే" అన్నాడు. "రేపు మిరజ్ వెళ్దాం. డాక్టరుకి చూపిద్దాం."

"డాక్టరుకా? బయటపడితే?"

"ఈ ఊళ్లో కాదన్నాను కదరా! మిరజ్‌లో మనల్ని ఎవడు ఎరుగును?"

మిరజ్‌లో డాక్టర్ శిర్గావ్‌కర్ అనే ఆయన ఉన్నాడు. నలభై ఏళ్లుంటాయి, మాట చురుకు, చెయ్యి అంతకంటే చురుకు. ఇద్దరు కొండల్లాంటి మనుషులు కుర్చీల అంచున కోడిపిల్లల్లా కూర్చుని ఉంటే చూసి "ఏ తాలీము?" అన్నాడు. మిరజ్‌లో ఎవడూ ఎరగడన్న ధైర్యం అక్కడే సగం పోయింది.

ఉత్తమ్‌ని పడుకోబెట్టి చూశాడు. కిటికీ తెర లాగి, గది చీకటి చేసి, జేబులోంచి చిన్న టార్చిలైటు తీసి గడ్డ వెనక పెట్టాడు. గడ్డ ఎర్రగా, దీపంబుడ్డిలా వెలిగింది. స్కానింగు కూడా తీశాడు. తీసి, చేతులు కడుక్కుంటూ "నీళ్లబుడగ" అన్నాడు.

"ఏంటి?" అన్నాడు ఉత్తమ్.

"బీజం వెనకాల చిన్న గొట్టం చుట్టలు చుట్టుకుని ఉంటుంది. అందులో ఎక్కడో కాస్త నీరు నిలిచి బుడగ కట్టింది. అంతే. కేన్సరు కాదు, అంటురోగం కాదు, పాపం కాదు. నొప్పి పెట్టి సతాయిస్తే అప్పుడు చూద్దాం. లేకపోతే దాని మానాన దాన్ని వదిలెయ్యి."

"వచ్చే నెల పెళ్లి సార్."

"చేసుకో. నన్ను పిలు."

"పిల్లలు...?"

"దీనివల్ల ఆగరు. దాని పని అది చూసుకుంటుంది, నీ పని నువ్వు చూసుకో." డాక్టరు తువ్వాలుతో చేతులు తుడుచుకుని కూర్చున్నాడు. "నాయనా, ఇది ఎంతమందికి ఉంటుందో తెలుసా? వేరే ఏదో నొప్పి అని వచ్చి స్కాన్ చేయించుకునే మగవాళ్లలో ప్రతి నలుగురైదుగురిలో ఒకరికి కనబడుతుంది. సగం మందికి ఉన్నట్టే తెలియదు. మీ తాలీములో ఎంతమంది?"

"ముప్ఫై మంది."

"అయితే ఓ ఆరేడుగురు గోడవైపు తిరిగి ఏడుస్తూ ఉంటారు. వెళ్లి చెప్పు. గడ్డ తగిలితే చూపించుకోవాలి, అది మాత్రం నిజం. అన్ని గడ్డలూ ఇలాంటివి కావు. కానీ చూపించుకుంటే కదా ఏదో తేలేది! మన మగవాళ్లు గోదాలో గోచితో వెయ్యిమంది ముందు నిలబడతారు. డాక్టరు ముందు నిలబడమంటే సిగ్గు."

ఉత్తమ్ ఆయన కాళ్ల మీద పడ్డాడు. పడినవాడు లేచి బయటికి పరుగెత్తాడు, ఎస్టీడీ బూత్ ఎక్కడుందని అడుగుతూ. వనితావాళ్ల ఊళ్లో ఏదో కొట్టుకి ఫోన్ చేస్తాడు కాబోలు.

వస్తాదు లేవలేదు.

"ఇంకేంటి పెద్దాయనా?" అన్నాడు డాక్టరు.

"నాకూ చూడండి."

డాక్టరు బల్ల చూపించాడు. వస్తాదు గోచి ముడి విప్పబోయాడు. రోజూ కట్టి విప్పే ముడి. ఆ పూట ఎంత లాగినా ఊడి రాలేదు. చివరికి డాక్టరే ఒంగి విప్పాడు. పుట్టి బుద్ధెరిగాక ఇంకో మనిషి చెయ్యి ఆ ముడి మీద పడడం అదే మొదలు. గది చీకటి అయింది. టార్చి వెలిగింది. వస్తాదు తల ఎత్తి చూసుకున్నాడు. ఇప్పుడది శనగగింజ కాదు, ఉసిరికాయంత అయింది. అదే ఎరుపు, అదే వెలుగు. ఇంతకాలం తను చీకట్లో దాచిపెట్టుకున్నది లోపల ఇంత తేటగా ఉందా అని ఆశ్చర్యపోయాడు.

స్కానింగు కూడా అయ్యాక డాక్టరు "అదే. నీళ్లబుడగ" అన్నాడు. "ఎప్పటినుంచి?"

"ఇరవై నాలుగో ఏటి నుంచి."

డాక్టరు చేతిలో కాగితం కింద పెట్టాడు. ఆయనదీ ఇటువైపే. హిందూరావ్ మగ్దూమ్ ఎవరో, ఎందుకు పేరు పడ్డాడో ఆయనకీ తెలియకుండా ఉండదు.

"డాక్టర్ సాబ్, ఒక్క మాట. ఈ మిషన్లు అప్పట్లో లేవు కదా. అప్పుడు చూపించుకున్నా తెలిసేది కాదు కదా?"

అవును, తెలిసేది కాదు అని ఒక్క మాట అంటే చాలు. ముసలాయన కళ్లు ఆ ఒక్క మాట కోసం దేబిరిస్తున్నాయి. డాక్టరు ఆ మాట అనేస్తే ఏం పోయేది అని నాకు ఇప్పటికీ కోపం. కానీ ఆ మనిషికి అబద్ధం చేతకాదు.

"మిషన్ అక్కర్లేదు" అన్నాడు నెమ్మదిగా. "తెలిసిన డాక్టరు చేతిలో టార్చిలైటు ఉంటే చాలు. అప్పుడూ తెలిసేది."

తిరుగు బస్సులో ఉత్తమ్ జైసింగ్‌పూర్‌లో దిగి కారం మరమరాలు కొనుక్కొచ్చాడు. నోటినిండా నములుతూ ఒకటే వాగుడు. పెళ్లి భోజనాల్లో మాంసం తెల్లరసం ఎన్ని బిందెలు, ఎర్రరసం ఎన్ని బిందెలు, మేకలు ఎన్ని. వస్తాదు బస్సులో మగవాళ్లని చూస్తున్నాడు. టికెట్లు కొట్టే కండక్టరు. తలపాగా ముసలాయన. ఒళ్లో కూతుర్ని నిద్రపుచ్చుతున్న బక్కపల్చటి మనిషి. నలుగురైదుగురికి ఒకరు. ఈ బస్సులోనే ఎంతమంది ఉంటారో. వాళ్లంతా పెళ్లిళ్లు చేసుకున్నారు, పిల్లల్ని కన్నారు, దీన్ని ఎక్కడ పెట్టాలో అక్కడే ఉంచుకుని బతికేశారు. తనొక్కడే దాన్ని నెత్తికెత్తుకుని దేవుడి దాకా తీసుకుపోయాడు.

ఏడుపు వస్తే బాగుండేది. రాలేదు. కుస్తీలో ఓడినవాడు కనీసం ఎవడి చేతిలో ఓడాడో చెప్పుకోగలడు. తను ఓడింది గుక్కెడు కూడా లేని నీటి చేతిలో.

శనివారం వచ్చింది. మారుతికి నూనె పోశారు. దండ వేశారు. ముప్ఫై మందీ కూర్చున్నారు. పాఠం మొదలుపెట్టాల్సిన చోట వస్తాదు లేచి నిలబడ్డాడు.

"నేను చెప్పింది తప్పు" అన్నాడు. "నెయ్యి విరగడం, గడ్డ కట్టడం, అంతా తప్పు. అది నీళ్లబుడగ. చాలామందికి ఉంటుంది. తగిలితే దాచుకోకండి, డాక్టరుకి చూపించండి. నాకూ ఉంది. ఇరవై నాలుగో ఏట వచ్చింది. దానికి భయపడే నేను గోచి కట్టాను. మారుతి కోసం కట్టలేదు."

ఉత్తమ్ నోరు తెరిచి అలా ఉండిపోయాడు. అప్పుడు అందరికంటే పెద్దవాడు, యాభై దాటిన మాజీ పైల్వాన్ గణపత్, కళ్లు తుడుచుకుంటూ లేచాడు.

"చూశార్రా? అదీ వస్తాదంటే! మీలో ఎవడికో ఆ జబ్బు ఉంది. వాడు సిగ్గుపడకూడదని వస్తాదు ఆ మురికి తన నెత్తిన వేసుకుంటున్నాడు. ఇంత పెద్ద మనసు ఎవడికుందిరా!"

"కాదురా గణపత్, నిజంగానే నాకు..."

"చాలు వస్తాదూ, చాలు. మాకు తెలుసు."

వరసగా వచ్చి కాళ్లకి మొక్కారు. వద్దురా, వద్దురా అంటున్నా వినలేదు. నలభై ఏళ్లు అబద్ధం చెబితే నమ్మారు. ఒక్కరోజు నిజం చెబితే దండం పెట్టారు. పేరు అనేది ఒకసారి ఒంటికి అంటుకుంటే చర్మంతో సహా తప్ప ఊడిరాదు.

ఆ సాయంత్రం పాలకట్ట పల్చబడే దాకా ఆగి వెళ్లాడు. హౌసాబాయి ఆఖరి గేదె దగ్గర కూర్చుని ఉంది. ధోండిబా పోయి ఆరేళ్లయింది. కొడుకులు ఉన్నా పాలు పిండేది ఇప్పటికీ ఆవిడే. ఇత్తడి గ్లాసు నింపి చాచింది.

"తీసుకోండి పైల్వాన్."

ఆయన "ఊఁ" అనలేదు. గ్లాసు పట్టుకుని నిలబడ్డాడు.

"హౌసా" అన్నాడు.

ఆవిడ తలెత్తింది. ఆ పేరుతో ఆయన పిలిచి ఎన్నాళ్లయిందో.

"నీకు ఒక మాట చెప్పాలి. అప్పుడే చెప్పాల్సింది." చుట్టూ చూశాడు. గేదె తప్ప ఎవరూ లేరు. "నేను దేవుడి కోసం నిన్ను వదల్లేదు. నాకు... ఇక్కడ... ఒక గడ్డ వచ్చింది. శనగగింజంత. నేను చెడిపోయాననుకున్నాను. నిన్నూ చెడగొడతాననుకున్నాను. ఎవరికీ చెప్పలేకపోయాను. నిన్న మొన్ననే డాక్టరు చెప్పాడు, అది ఏమీ కాదట."

హౌసాబాయి ఆయన ముఖంలోకి చూసింది.

"వెనకాల ఉంటుంది, నొక్కితే జారిపోతుంది, అదేనా?"

ఆయన తలూపాడు.

"మా ఇంటాయనకి రెండు ఉండేవి" అంది. "ఒకటి గోలీకాయంత. కాపరానికొచ్చిన కొత్తలోనే చూసి భయపడి మా అత్తని అడిగాను. మీ మామకీ ఉందిలే పో, పొయ్యి మీద చారు చూడు అంది. నలుగురు పిల్లలు పుట్టారు." ఆగింది. "దానికా?"

ఆయన గ్లాసులోకి చూశాడు.

"దానికా పైల్వాన్?"

గేదె తోక విసిరింది. ఆవిడ కొంగుతో ముఖం తుడుచుకుంది. ఏడుస్తోందో, పాలచుక్క పడిందో ఆయన చూడలేకపోయాడు.

"ఈ ఊళ్లో ఆడవాళ్లంతా శనివారం మారుతి గుడికి పోతారు. నేను ఒక్కసారి కూడా పోలేదు, తెలుసా?" అంది. "మా అత్త తిట్టింది. పిల్లలు అడిగారు. పిల్లాడికి ముద్ద దిగని జ్వరమొచ్చినప్పుడు కూడా పోలేదు. ఆ దేవుడికి ఇంకెవరూ దొరకనట్టు నా మనిషినే ఎత్తుకుపోయాడని అలిగి కూర్చున్నాను. ఇన్నేళ్లూ ఆయన మీదే పగ పెట్టుకున్నాను."

పాలబిందె మీద గుడ్డ కప్పి, మోకాళ్ల మీద చేతులు వేసుకుని లేచింది.

"పాపం ఆ మారుతికేమీ తెలియదు కదా. రేపు పోయి కొబ్బరికాయ కొట్టొస్తాను." ఆయన చేతిలో గ్లాసు చూసింది. నురుగంతా దిగిపోయి ఉంది. "ఇటివ్వండి. చల్లారిపోయాయి."